మాట వినే ఫోన్

చదువురాని మనిషికి సమాచారం అందాలంటే మాటను మించిన దారి లేదు. మన పల్లెల్లో ఆ పనికి ముందుగా పూనుకున్నది రేడియో. అయితే రేడియో చెబుతుందే గానీ వినదు. 2004లో మొదలైన కిసాన్ కాల్ సెంటర్లలో రైతు అడిగితే జవాబు దొరికింది. కానీ అక్కడ ప్రతి ఫోనుకూ అవతల ఒక మనిషి ఉండాలి.

ఆ మనిషి లేకుండానే జవాబు చెప్పగల యంత్రం కోసం ప్రయత్నాలు సాగాయి. ఆ దశకం మధ్యలో అమెరికాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయ పరిశోధకులు తమిళనాడు పల్లెల్లో, కొద్దిపాటి తమిళ మాటలను గుర్తుపట్టే వ్యవసాయ సమాచార వ్యవస్థను పరీక్షించారు. గుజరాత్‌లో మరో బృందం రెండు పద్ధతులను పోల్చి చూస్తే, నోటితో చెప్పడం కన్నా ఫోనులో అంకెలు నొక్కడమే రైతులకు బాగా కుదిరింది. యాసలు, చుట్టూ రొద, యంత్రానికి నేర్పడానికి చాలినన్ని గొంతులు లేకపోవడం అప్పటి అడ్డంకులు.

అందుకే తర్వాతి దశలో యంత్రం మాటను అర్థం చేసుకోలేదు, భద్రపరిచి వినిపించింది. 2009లో గుజరాత్‌లోని ‘అవాజ్ ఓటలో’ అనే ఫోన్ వేదికలో రైతులు ప్రశ్నలు రికార్డు చేసేవారు, తోటివారి ప్రశ్నలకు వచ్చిన జవాబులూ వినేవారు. 2010లో పాత్రికేయుడు శుభ్రాంశు చౌధరి ఛత్తీస్‌గఢ్‌లో ‘సీజీనెట్ స్వర’ అనే ఫోన్ వేదికను ఆరంభించారు. రాని ఉపాధి హామీ కూలి, పాడైన చేతిపంపు గురించి ఆదివాసులు గోండిలో, హిందీలో చెప్పుకున్నారు. సంబంధిత అధికారి ఫోన్ నంబరు కూడా చెప్పడంతో విన్నవాళ్లు ఆయనకు ఫోన్ చేసేవారు. అలా కొన్ని ఫిర్యాదులు తీరాయి.

మాటను గుర్తించే పరిశోధనా ఆగలేదు. తెలుగుతో సహా ఆరు భాషల్లో మార్కెట్ ధరలు చెప్పే ఫోన్ వ్యవస్థను దేశంలోని విద్యాసంస్థలు కలిసి రూపొందించాయి. తెలుగు భాగాన్ని హైదరాబాద్ ట్రిపుల్ ఐటీ చేపట్టింది. 2022లో కేంద్రం భారతీయ భాషల సాంకేతికత కోసం ‘భాషిణి’ని ప్రారంభించింది. మరుసటి ఏడు ‘జుగల్‌బందీ’ అనే చాట్‌బాట్ వాట్సాప్‌లో అడిగిన ప్రశ్నకు ప్రభుత్వ పథకాల వివరాలు చెప్పసాగింది.

ఈ ప్రయాణంలో పల్లె మనిషికి నిజంగా మేలు జరిగింది, తన మాట తాను చెప్పుకోగలిగిన చోటనే. కానీ కొత్త సాంకేతికత ఎక్కువగా రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని 22 భాషల చుట్టూ తిరుగుతోంది. 2011 జనాభా లెక్కల ప్రకారం దాదాపు 30 లక్షల మంది మాట్లాడే గోండి ఆ జాబితాలో లేదు, కోయ కూడా లేదు. ఆ భాషలు మాట్లాడే ఆదిలాబాద్, భద్రాచలం మన్యాల గొంతులను సేకరించే పనిని ప్రభుత్వాలు, విశ్వవిద్యాలయాలు ఆ జనం సమ్మతితో, వారి భాగస్వామ్యంతో ఇప్పుడే మొదలుపెట్టాలి.