నీళ్ళు తగ్గినప్పుడు దొరికే పెద్ద చేప: తుంగభద్ర మడుగుల కథ

ఈ రోజు ఎపిసోడ్ చేపల గురించి. కంగారు పడకండి, ఇది వంట వీడియో కాదు, హిస్టరీ వీడియోనే.

మీ ఫీడ్‌లో ఎప్పుడో ఒకసారి ఇలాంటి వీడియో వచ్చే ఉంటుంది. అమెరికాలో ఒక సరస్సు, ఒడ్డున చెక్కతో కట్టిన లాడ్జి, టోపీ పెట్టుకున్న ఒకాయన గాలం లాగుతుంటాడు. పచ్చటి ఒళ్ళు, ఇంత పెద్ద నోరు ఉన్న చేప నీళ్ళలోంచి ఎగురుతుంది. దాని పేరు లార్జ్‌మౌత్ బాస్. 1932లో జార్జియా రాష్ట్రంలో జార్జ్ పెర్రీ అనే రైతు పట్టిన బాస్ 22 పౌండ్ల 4 ఔన్సులు తూగింది, అంటే మన లెక్కలో 10 కిలోలు. అది అమెరికాలో ఆర్థిక మాంద్యం నడుస్తున్న కాలం. ఆ రికార్డు చేపని పెర్రీ ఇంటికి తీసుకెళ్తే ఇంట్లోవాళ్ళు వండుకుని తినేశారు. 2009లో జపాన్‌లోని బివా సరస్సులో మనాబు కురితా అనే ఆయన దానికి సమానమైన బరువున్న చేపని పట్టేదాకా ఆ రికార్డుని ఎవరూ అందుకోలేదు.

ఇలా పెద్ద చేపల వెంట పడేవాళ్ళకి ఒక సూత్రం తెలుసు. సరస్సులో నీళ్ళు తగ్గితే పెద్ద చేపని వెతకడం తేలిక. ఎందుకంటే దానికి దాక్కునే చోటు తగ్గిపోతుంది.

మన ఆదోని, ఎమ్మిగనూరు వైపు బాస్ ఉండదు. కానీ ఆ సూత్రం ఉంది, దాని వెనక నూటయాభై ఏళ్ళ చరిత్ర కూడా ఉంది. ఇవాళ మనం చెప్పుకునేది అదే.

ముందు ఏప్రిల్, మే నెలల్లో తుంగభద్రని గుర్తు తెచ్చుకోండి. కోసిగి, మంత్రాలయం, మాధవరం, నాగలదిన్నె, ఈ లైన్ అంతా. వానాకాలంలో ఒడ్డు నుంచి ఒడ్డుకి పారే నది, ఎండాకాలానికి బండలూ ఇసుకా తేలి, మధ్యలో అక్కడక్కడా మడుగులుగా మిగులుతుంది. కిలోమీటర్ల పొడవునా తిరిగిన చేపలన్నీ ఆ మడుగుల్లోకి చేరతాయి. పైగా నీళ్ళు వేడెక్కితే అందులో ఆక్సిజన్ తగ్గుతుంది. 20 డిగ్రీల దగ్గర లీటరు నీటిలో సుమారు 9 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరిగి ఉండగలిగితే, 35 డిగ్రీల దగ్గర అది 7కి పడిపోతుంది. అంటే చేపలు ఇరుకులో ఉంటాయి, నీరసంగా ఉంటాయి, పైకి కనిపిస్తుంటాయి. పట్టేవాడికి ఇంతకంటే మంచి టైమ్ ఉండదు.

ఇక్కడే అసలు చిక్కు ఉంది. మన నదుల్లో చాలా చేపలు తొలకరి వానలకి, కొత్త నీటికి గుడ్లు పెడతాయి. అంటే మే నెలలో మడుగులో ఉన్న పెద్ద ఆడచేప కడుపులో వచ్చే సంవత్సరం పంట తయారవుతూ ఉంటుంది. రోహు లాంటి చేప అయితే కిలో బరువుకి సుమారు రెండు మూడు లక్షల గుడ్లు. నేను కొన్నేళ్ళు సాఫ్ట్‌వేర్‌లో పనిచేసినవాణ్ణి కాబట్టి నా భాషలో చెప్తా: మడుగు అంటే నది తన కోసం దాచుకున్న బ్యాకప్. సర్వర్ మొత్తం డౌన్ అయినప్పుడు మిగిలేది అదొక్కటే. సరిగ్గా అప్పుడే మనం వెళ్ళి దాన్ని డిలీట్ చేస్తున్నాం.

ఈ మాట మొదట గట్టిగా చెప్పినవాళ్ళలో ఇద్దరు బ్రిటిష్ ఆఫీసర్లు ఉన్నారు. అప్పుడు ఆదోని బళ్ళారి జిల్లాలో ఒక తాలూకా, మద్రాసు ప్రెసిడెన్సీ కింద ఉండేది. అదే ప్రెసిడెన్సీలో, పడమటి కనుమల అవతల దక్షిణ కన్నడ జిల్లాలో హెన్రీ సల్లివన్ థామస్ అనే సివిల్ ఆఫీసర్ పనిచేసేవాడు. గాలం అంటే ప్రాణం. 1873లో ఆయన రాసిన 'ద రాడ్ ఇన్ ఇండియా' పుస్తకం మన దేశంలో గాలం వేటకి బైబిల్ లాంటిదైంది. మహసీర్ అనే పెద్ద చేపని ప్రపంచానికి పరిచయం చేసిన పుస్తకాల్లో అదొకటి. కానీ దానికి మూడేళ్ళ ముందే, 1870లో, ఆయన ప్రభుత్వానికి ఒక రిపోర్టు ఇచ్చాడు. నీళ్ళు తగ్గిన మడుగుల్లో విషం కలిపి, సన్న కన్నుల బుట్టలూ వలలూ అడ్డం పెట్టి, పిల్ల చేపతో సహా ఊడ్చేస్తున్నారన్నది అందులో ముఖ్యమైన ఫిర్యాదు. ఆయన వాదన సరదా వేటగాడి వాదన మాత్రమే కాదు. చేపని కాపాడితే పేదవాడికి తిండి పెరుగుతుంది అన్నాడు.

రెండో ఆయన ఫ్రాన్సిస్ డే. మద్రాసు సైన్యంలో డాక్టరు, తర్వాత దేశం మొత్తానికి ఫిషరీస్ ఇన్‌స్పెక్టర్ జనరల్. వలకన్ను కనీసం ఎంత ఉంటోంది, గుడ్లతో ఉన్న చేపల్ని పడుతున్నారా, ఏటేటా చేప తగ్గుతోందా, ఇలాంటి ప్రశ్నలు కలెక్టర్ల నుంచి తహసీల్దార్ల దాకా పంపించి, జవాబులు పోగేసి, 1873లో పెద్ద రిపోర్టు వేశాడు. ఇంటర్నెట్ లేని రోజుల్లో అంత పెద్ద సర్వే.

ఆ రిపోర్టు వచ్చిన మూడేళ్ళకే మన ప్రాంతాన్ని కరువు కొట్టింది. 1876 నుంచి 1878 దాకా సాగిన మహా కరువు. బళ్ళారి, కర్నూలు, కడప జిల్లాలు దారుణంగా దెబ్బతిన్న వాటిలో ఉన్నాయి. దక్షిణ, పశ్చిమ భారతంలో కలిపి 50 లక్షలకి పైగా మనుషులు చనిపోయారని అంచనా. అలాంటి రోజుల్లో ఎండిపోతున్న చెరువులో చేప కనిపిస్తే ఎవడైనా పడతాడు. పట్టొద్దు అని చెప్పే హక్కు ఎవరికీ ఉండదు. ఈ విషయం పక్కన పెట్టి చేపల సంరక్షణ గురించి మాట్లాడితే అది కడుపు నిండినవాడి కబుర్లే అవుతుంది. అందుకే ఇక్కడ కాసేపు ఆగాను.

తర్వాత 1897లో చట్టం వచ్చింది. ఇండియన్ ఫిషరీస్ యాక్ట్. నీళ్ళలో డైనమైట్ లాంటి పేలుడు పదార్థం వాడినా, విషం కలిపినా నేరం. శిక్ష రెండు నెలల వరకు జైలు, లేదా 200 రూపాయల వరకు జరిమానా. ఆ రోజుల్లో 200 అంటే కూలివాడికి కొన్నేళ్ళ సంపాదన. కట్టిపెట్టిన వలల మీద, వలకన్ను సైజు మీద రూల్స్ పెట్టే అధికారం, ఒక నీటి వనరులో రెండేళ్ళ దాకా వేట పూర్తిగా ఆపే అధికారం కూడా ప్రభుత్వాలకి ఇచ్చారు. కాగితం మీద బాగానే ఉంది కదా?

ఇప్పుడు ఇంకో వైపు చూడండి. అదే కాలంలో అదే నది మీద గోడలు లేస్తున్నాయి. ఎమ్మిగనూరు నుంచి కర్నూలు వైపు వెళ్తే సుంకేసుల వస్తుంది. 1860లలో మద్రాస్ ఇరిగేషన్ కంపెనీ అనే ప్రైవేటు కంపెనీ అక్కడ తుంగభద్రకి ఆనకట్ట కట్టి, కర్నూలు-కడప కాలువ తవ్వింది. మనం కేసీ కెనాల్ అంటాం. వరదకి ఎదురీది పైకి వెళ్ళి గుడ్లు పెట్టే చేపకి ఆనకట్ట అంటే మూసేసిన తలుపు. ఆనకట్టలు చేపల దారి మూసేస్తున్నాయని ఫ్రాన్సిస్ డే అప్పుడే రాశాడు కూడా. అయినా 1897 చట్టంలో మడుగులో మందు కలిపినవాడికి జైలు ఉంది, నదికి అడ్డంగా గోడ కట్టినవాళ్ళు చేపకి దారి వదలకపోతే ఏ శిక్షా లేదు.

నేను ఆనకట్టలకి వ్యతిరేకం అని కామెంట్ పెట్టకండి. కరువు చూసిన సీమకి ఆ నీళ్ళ విలువ ఏంటో మీకూ తెలుసు, నాకూ తెలుసు. నేను చెప్పేది లెక్క గురించి. నష్టం లెక్కలో గాలంవాడి పేరూ వలవాడి పేరూ రాశారు, గోడ పేరు రాయలేదు.

తర్వాత 1953 వచ్చింది. హోస్పేట దగ్గర తుంగభద్ర డ్యామ్‌లో నీళ్ళు నిలిచిన సంవత్సరం. అదే ఏడాది అక్టోబర్ 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు ఆదోని, ఆలూరు తాలూకాలు బళ్ళారి నుంచి విడిపోయి కర్నూలు జిల్లాలో కలిశాయి. ఒకే ఏడాదిలో మన జిల్లా మారింది, మన నది కూడా మారింది. కోసిగి వైపు రాజోలిబండ ఆనకట్ట కూడా ఆ దశాబ్దంలోనే పూర్తయింది. తుంగభద్ర దిగువ కాలువ, మనం ఎల్‌ఎల్‌సీ అనేది, ఆదోని, ఎమ్మిగనూరు పొలాలకి నీళ్ళు తెచ్చింది.

అంతకుముందు నదిలో నీళ్ళు తగ్గడం అంటే వాన తగ్గడం. 1953 తర్వాత నీళ్ళు ఎప్పుడు తగ్గాలో వానతో పాటు గేట్లు కూడా నిర్ణయిస్తున్నాయి. 2024 ఆగస్టు 10 రాత్రి ఆ డ్యామ్‌కి ఉన్న 33 గేట్లలో 19వ నంబరు కొట్టుకుపోయింది గుర్తుందా? దాన్ని మూయడానికి డ్యామ్ మట్టం తగ్గించాల్సి వచ్చి, మన వైపు నదికి వరద వదిలారు. అంటే మన నదిలో నీళ్ళు ఉండాలా వద్దా అనేది ఒక ఇనుప తలుపు మీద ఆధారపడి ఉంది. చేపకి ఆ టైమ్‌టేబుల్ తెలియదు. అది ఇంకా తొలకరి కోసమే చూస్తుంది.

ఇక్కడ మీకు ఒక డౌట్ రావాలి. మరి మార్కెట్లో ఇన్ని చేపలు ఎక్కడివి? దానికి జవాబు 1957 జూలై 10న ఉంది. ఆ రోజు కటక్‌లో హీరాలాల్ చౌధురి అనే శాస్త్రవేత్త హార్మోన్ ఇంజెక్షన్‌తో మన కార్ప్ చేపల చేత గుడ్లు పెట్టించాడు. అందుకే జూలై 10ని జాతీయ మత్స్య రైతుల దినంగా జరుపుతారు. ఆ పద్ధతి వచ్చాక చేపపిల్లల కోసం నది మీద ఆధారపడక్కర్లేదు. గోనెగండ్ల దగ్గర హంద్రీ మీద ఉన్న గాజులదిన్నె ప్రాజెక్టు, అంటే మన సంజీవయ్య సాగర్ లాంటి చోట్ల, రోహు, బొచ్చె పిల్లల్ని తెచ్చి వదలొచ్చు. అక్కడ ఎండాకాలం పెద్ద చేప పడితే, వచ్చే ఏడాది మళ్ళీ పిల్లల్ని వదిలే మార్గం ఉంది.

కానీ నది మడుగులో అలా కాదు. అక్కడ పుట్టి పెరిగిన జాతుల్లో చాలా వాటికి బయట హ్యాచరీ లేదు. పోతే పోయినట్టే. దీనికి ఉదాహరణ కావేరి మహసీర్. 1946లో కబిని నదిలో వాన్ ఇంగెన్ అనే ఆయన 120 పౌండ్ల మహసీర్ పట్టాడు, దాదాపు 54 కిలోలు. మూపురం ఉన్న ఆ రకం మహసీర్‌కి సరైన శాస్త్రీయ నామం ఏదో తేలింది ఎప్పుడో తెలుసా? 2018లో. అప్పటికి అది అంతరించే ప్రమాదం అంచున ఉంది. పేరు తేలేలోపే చేప మాయమయ్యే పరిస్థితి.

మన నదిలోనే దీనికి ఎదురు ఉదాహరణ ఉంది. తుంగభద్రలో సగం పేరు తుంగ. పైన ఆ తుంగ ఒడ్డునే శృంగేరి ఉంది. అక్కడ గుడి మెట్ల దగ్గర మహసీర్ చేపలు మనిషి చెయ్యంత పొడవు పెరిగి, జనం వేసే మరమరాలు తింటూ తిరుగుతుంటాయి. ఎండాకాలంలో తుంగ అక్కడా తగ్గుతుంది. కానీ ఆ మడుగులో ఎవరూ పట్టరు. ఆ నీళ్ళే కిందికి వచ్చి మంత్రాలయం ముందు పారతాయి. పైన ఒక మడుగుని జనం వదిలేశారు కాబట్టి అక్కడ పెద్ద చేప మిగిలింది. ఇంతకంటే పెద్ద సైన్స్ అక్కర్లేదు.

అమెరికాలో బాస్ విషయంలో కూడా అలాంటి ఆలోచనే వచ్చింది. 1968లో బాస్ వేటగాళ్ళ సంఘం పెట్టిన రే స్కాట్, 1972 నుంచి పోటీల్లో పట్టిన చేపని బతికుండగానే వదిలేయాలని ప్రచారం మొదలుపెట్టాడు. పెర్రీ ఆకలి కాలంలో తన చేపని తిన్నాడు, అది తప్పు కాదు. నలభై ఏళ్ళ తర్వాత కడుపు నిండినవాళ్ళు వదిలేయడం నేర్చుకున్నారు.

నాకు ఈ ఎపిసోడ్ ఎందుకు చేయాలనిపించిందంటే, ప్రతి ఎండాకాలం మన వైపు నుంచి వచ్చే రీల్స్ చూసి. మడుగులో కరెంటు వైర్లు వేయడం, తూటాలు పేల్చడం, బ్లీచింగ్ చల్లడం, పైన మాస్ పాట. ఇవి చేసేది పుట్టి మీద వల వేసుకుని బతికే బెస్తవాళ్ళు కాదు. వాళ్ళకి రేపు కూడా ఆ నది కావాలి. చేసేది లైకుల కోసం వచ్చిన మన వయసు వాళ్ళే. కరెంటుతో పట్టబోయి మనుషులు చనిపోయిన వార్తలు కూడా మీరు చదివే ఉంటారు.

గాలం వేయడం మానేయమని నేను చెప్పను. గాలం ఓపిక నేర్పుతుంది, ఫోన్ పక్కన పెట్టిస్తుంది. చెరువులో అయితే లీజు ఉన్న మత్స్యకారుల సంఘాన్ని అడిగి వేయండి. నదిలో అయితే మే నెల మడుగులో పెద్ద చేప పడినప్పుడు చేతులు తడి చేసుకుని పట్టుకోండి, ఒక ఫోటో తీసి నీళ్ళలోకి వదలండి. చిన్న కొర్రమీను పిల్లలు ఎర్రగా గుంపుగా నీటిపైన కనిపిస్తే కిందే వాటికి కాపలాగా తల్లో తండ్రో ఉంటుంది. ఆ గుంపు దగ్గర గాలం వేయొద్దు. అమెరికా బాస్ కూడా అంతే, గూడు దగ్గర మగ చేప కాపలా ఉంటుంది.

గేట్లు మన చేతిలో లేవు. వాన మన చేతిలో లేదు. 1897 చట్టం రాసింది మనం కాదు. ఎండాకాలంలో మిగిలిన ఆ నాలుగు మడుగుల్లో ఏం మిగలాలనేది మాత్రం ఒడ్డున నిలబడ్డవాడి చేతిలోనే ఉంది.

మీ ఊరి దగ్గర తుంగభద్రలో గానీ హంద్రీలో గానీ ఎండాకాలం ఎండని మడుగు ఏదైనా ఉంటే, దాని పేరు మీ ఇంట్లో పెద్దవాళ్ళని అడిగి కామెంట్లో రాయండి. ఒకప్పుడు అందులో ఏ చేపలు ఉండేవో కూడా అడగండి. ఆ పేర్లన్నీ కలిపి ఇంకో ఎపిసోడ్ చేద్దాం. ఉంటాను మరి.