బ్లాక్‌మెయిలు: నల్ల సిస్తు కథ

మెయిలనగానే మనకు తపాలా సంచులును, వానిని మోసికొనిపోవు రైలుబండియు స్ఫురించును. అందుచే బెదిరింపు జాబుల నుండియే “బ్లాక్‌మెయిలు” అను మాట పుట్టినదని పెక్కుమంది తలంతురు. అది పొరపాటు. స్కాట్లండు వారి పాత పలుకుబడిలో “మెయిలు” అనగా రైతు భూస్వామికి చెల్లించు సిస్తు. “బ్లాక్” అనగా నలుపు. వెండి నాణెములతో చెల్లించునది తెల్ల సిస్తనియు, పశువుల రూపమున నిచ్చునది నల్ల సిస్తనియు కొందరు వివరింతురు. అధర్మపు వసూలు గనుకనే నల్లనిదైనదని మరికొందరి మతము.

16వ శతాబ్దమున ఇంగ్లండును స్కాట్లండును వేర్వేరు రాజ్యములు. ఉభయ సేనల త్రొక్కుళ్లలో సరిహద్దు పల్లెలు నలిగిపోయినవి. రాజరక్షణ కొరవడిన ఆ సీమలో కొన్ని వంశములవారు దోపిడినే జీవనముగా గైకొనిరి. వారికి రీవర్లని పేరు. శీతకాలపు దీర్ఘరాత్రులలో గుఱ్ఱములపై వచ్చి, మందలను తోలుకొని సరిహద్దు దాటిపోయెడివారు. వారిలో బలవంతుడైనవానికి ఏటేట కొంత ముట్టజెప్పినచో, ఆ రైతు మందను అతడు ముట్టడు, ఇతరులను ముట్టనీయడు. ఇయ్యనివాని కొట్టమునకు మాత్రము భద్రత లేదు. రక్షకుడును భక్షకుడును ఒక్కడే! అదియే నల్ల సిస్తు.

1601లో ఎలిజబెత్తు రాణి కాలమున ఇంగ్లండు పార్లమెంటు దీనిని నిషేధించుచు, ఉత్తరమునందలి నాలుగు సీమలకు ఒక చట్టము చేసెను. పుచ్చుకొన్నవానికే గాక ఇచ్చినవానికిని మరణదండనము విధించెను. ఇయ్యకున్న దొంగ విడువడు. ఇచ్చిన రాజు విడువడు. ఆ రైతు దుస్థితిని మీరే యోచింపుడు.

1603లో రెండు రాజ్యములకును ఒక్కడే రాజయ్యెను. సరిహద్దు దాటిన దొంగకు ఆశ్రయము లేకుండబోయెను. రీవర్లు క్రమముగా అణగిరి. స్కాట్లండు ఉత్తరపు కొండసీమలలో మాత్రము ఈ ఆచారము 18వ శతాబ్దము వరకు సాగినది. 1734లో మరణించిన రాబ్ రాయ్ ఇట్టి వసూళ్లకు ప్రసిద్ధుడు.

19వ శతాబ్దమున ఈ మాట యర్థము మారినది. మందకు బదులు మానము, కొట్టమునకు బదులు రహస్యము బెదిరింపునకు సాధనములైనవి. కాని పాత యర్థమున ఒక హెచ్చరిక దాగియున్నది. సిస్తు ఒకమారు చెల్లించిన తీరునది కాదు; మరల కిస్తు గడువు వచ్చును. భయపడి యిచ్చిన మొదటి రూపాయియే రెండవదానికి దారి చూపును.

2024 జూలై 1 నుండి అమలునకు వచ్చిన భారతీయ న్యాయ సంహిత 308వ విభాగము బలవంతపు వసూలును నేరముగా నెంచినది. పరువునకు హాని చేయుదునని భయపెట్టి గుంజుటయు ఇందు చేరును. నాటి చట్టమువలె గాక, నేడు శిక్ష పుచ్చుకొన్నవానికే. భయపడి యిచ్చినవాడు బాధితుడు. కావున మన యింటి పిల్లలెవరైన ఇట్టి యాపదలో చిక్కినచో, పెద్దలు ముందుగా వారిని నిందింపక, ధైర్యము చెప్పి పోలీసువారి యొద్దకు వెంటబెట్టుకొని పోవలెను.