దెయ్యం చేప

ఒళ్లంతా ఎముక పలకలు, నల్లటి మచ్చలు, ముళ్ల రెక్కలు, కడుపు వైపు నోరు. వలలో పడిందంటే ముళ్లు దారాలకు చిక్కుకుంటాయి, విడదీయబోతే వల చిరుగుతుంది. గట్టున పడేసినా గంటల తరబడి చావదు, కడుపుతో గాలి పీల్చుకుంటుంది. జాలర్ల నోట దీనికి ‘దెయ్యం చేప’ అన్న పేరు నిలిచిందంటే వింతేముంది! ‘డెవిల్ ఫిష్’ అనే ఇంగ్లిషు పేరూ వాడుకలో ఉంది.

అక్వేరియం దుకాణంలో మాత్రం ఇది ‘సక్కర్’, ‘ట్యాంక్ క్లీనర్’. వేలెడంత పిల్లగా కొంటారు. అద్దానికి నోరానించి నాచు గీకి తింటుంటే ముచ్చటేస్తుంది. అడుగు దాటి పెరిగాక తొట్టిలో పట్టదు. చంపలేక చెరువులో వదిలేస్తారు. దక్షిణ అమెరికా నదుల చేప అలా మన నీళ్లలో చేరింది. గట్లలో బొరియలు తవ్వి గుడ్లు పెడుతుంది, నాటు చేపల మేతకు పోటీకొస్తుంది. తూర్పు కనుమల్లో దీని జాడను హైదరాబాద్ సీసీఎంబీ శాస్త్రవేత్తలు నీటిలోని డీఎన్ఏ ద్వారా పట్టుకున్నారు.

2022లో సవరించిన వన్యప్రాణి సంరక్షణ చట్టం ఇలాంటి పరాయి జాతుల దిగుమతిని, అమ్మకాన్ని కట్టడి చేసే అధికారం కేంద్రానికిచ్చింది. ఆ అధికారాన్ని ఈ చేప మీద వాడాలి. మీ తొట్టిలో ఇది ఉంటే, పెరిగాక దుకాణానికే తిరిగిచ్చేయండి. చెరువులో మాత్రం వదలకండి.