సూర్యుని దూరం తెలిపిన రాతిముద్ద

భూమికి సూర్యుడు ఎంత దూరంలో ఉన్నాడు? ఈ ప్రశ్నకు జవాబు కొరకు ఖగోళజ్ఞులు ఒకప్పుడు సూర్యుని విడిచి, ఒక చిన్న గ్రహశకలాన్ని పట్టుకొన్నారంటే వింతగా తోచవచ్చు. దాని పేరు ఈరోస్. 1898 ఆగస్టు 13న బెర్లిన్‌లో గుస్తావ్ విట్ దీనిని కనుగొన్నాడు. అంతవరకు తెలిసిన గ్రహశకలాలు చాలావరకు కుజ, గురు గ్రహాల నడుమ తిరిగేవే. ఈరోస్ మాత్రం కుజుని కక్ష్యను దాటి లోపలికి వస్తుంది. 643 దినాలలో సూర్యుని చుట్టి వచ్చే ఇది ఒక్కొక్కప్పుడు భూమికి రెండున్నర కోట్ల కిలోమీటర్ల దాపునకు చేరుతుంది.

గ్రహాల దూరాల నిష్పత్తులను కెప్లర్ నియమం చెపుతుంది, కిలోమీటర్లలో చెప్పదు. ఏదో ఒక దూరాన్ని కొలిస్తే తక్కినవన్నీ లెక్కకు వస్తాయి. ముఖం ముందు వేలు నిలిపి, ఒక్కొక్క కన్నే మూసి చూడండి. వెనుక గోడ మీద వేలు జరిగినట్లు కనబడుతుంది. వేలు దగ్గరైనకొద్దీ ఆ జరుగుబాటు హెచ్చు. ఇదే దృగ్భేదం. సూర్యుని దృగ్భేదం తొమ్మిది వికలలకు లోపే. 1931లో దాపునకు వచ్చిన ఈరోస్‌కు అది దాదాపు ఆరు రెట్లు.

అయితే వేలు ఎంత జరిగిందో తెలియడానికి గోడ మీద గుర్తులుండాలి గదా! ఆకాశంలో ఆ గుర్తులు నక్షత్రాలు. నక్షత్రపటం తయారు చేస్తున్న దేశాల ప్రతినిధులే 1900లో పారిస్‌లో సమావేశమై, ఈరోస్‌ను కలసి పరిశీలించాలని నిశ్చయించారు.

ఆ నక్షత్రపటంలో మన హైదరాబాదుకూ భాగమున్నది. పాతబస్తీ తూర్పు ప్రాకారంలోని దబీర్‌పురా దర్వాజాను నేటికీ చూడవచ్చు. ఆ ప్రాకారానికి వెలుపల, ఫిసల్‌బండలో, నవాబ్ జఫర్ జంగ్ 1901లో ఒక వేధశాలను నెలకొల్పాడు. ఆయన మరణానంతరం నిజాం ప్రభుత్వం దానిని స్వీకరించగా, అది బేగంపేటకు తరలి నిజామియా వేధశాలగా పేరొందింది. అక్కడ పోకాక్, ఆయన తరువాత భాస్కరన్ నాయకత్వంలో ఛాయాచిత్ర ఫలకాలను కొలిచి, ఏడు లక్షల పైచిలుకు నక్షత్రాల స్థానాలను పట్టికలుగా ప్రకటించారు.

1930–31లో అనేక వేధశాలలు ఈరోస్‌ను పరిశీలించగా, ఆ కొలతలను హెరాల్డ్ స్పెన్సర్ జోన్స్ పదేండ్లు లెక్కించి, 1941లో సూర్యుని దృగ్భేదం 8.790 వికలలని ప్రకటించాడు. పిదప రాడార్ పద్ధతి 8.794 అని తేల్చింది. అంటే సూర్యుని సగటు దూరం 14 కోట్ల 96 లక్షల కిలోమీటర్లు.

ఈరోస్ కాంతి హెచ్చుతగ్గులవుతున్నదని 1901లోనే ఓపోల్జర్ గమనించాడు. అది పొడవుగా ఉండి, తన చుట్టు తాను తిరుగుతున్నందువలన అలా జరుగుతుంది. 2000 ఫిబ్రవరి 14న నియర్ అనే అంతరిక్ష నౌక దాని చుట్టూ తిరగనారంభించి ఈ విషయాన్ని దగ్గరగా చూపింది. పొడవు సుమారు 34, వెడల్పు 11 కిలోమీటర్లు. ఒక భ్రమణానికి 5 గంటల 16 నిమిషాలు. సాంద్రత నీటికి 2.67 రెట్లు. మరుసటి ఏడు ఫిబ్రవరి 12న ఆ నౌక దాని మీదనే దిగింది.

నేడు భూమికి సమీపించే ప్రతి గ్రహశకలపు కక్ష్యను గణించడానికి కూడా తొలి ఆధారం ఇదే: తెలిసిన నక్షత్రాల నడుమ దాని స్థానం. పట్టికలోని ఒక్కొక్క అంకె వెనుక ఓపికతో ఫలకాన్ని కొలిచిన ఒక మనిషి ఉన్నాడని విద్యార్థులు గుర్తుంచుకోవాలి.