1973: మన వీసాలు, ఇంజన్ ఆయిల్ నంబర్లు

ఇయ్యాల పోస్టు జర పెద్దగనే ఉంటది. డ్యూటీల చదవకుండ్రి, సెలవు రోజు చాయ్ తాగుకుంట చదవుండ్రి.

మా రూంల ఆరుగురం ఉంటం. నలుగురం డ్రైవర్లం, ఇద్దరు సనయ్యల గ్యారేజీ పని చేస్తరు. పోయిన ఎండాకాలం మాలో ఒక తమ్ముడికి మూడు నెలలు జీతం కోత పడ్డది. ఇంటి డ్రైవర్ వాడు. కఫీల్ కొత్త కారు కొన్నడు. సర్వీసు టైముకు తమ్ముడు దాన్ని దగ్గర్లో ఉన్న చిన్న గ్యారేజీకి తీస్కపోయిండు. (మా రూమోళ్లు పనిచేసే గ్యారేజీ కాదు, ముందే చెప్తున్నం.) "ఈ ఎండలకు పలుచటిది నిలవదు, చిక్కటిది పోస్తా" అని అక్కడి మనిషి డ్రమ్ములో నుంచి 20డబ్ల్యూ-50 పోసిండు. నెల తిరగకముందే ఇంజన్ లైటు వెలిగింది. షోరూంలో పెట్టి చూస్తే వాల్వ్ టైమింగ్ మార్చే ఆయిల్ కంట్రోల్ వాల్వు సరిగ్గా పనిచేస్తలేదని, లోపల ఉండాల్సిన ఆయిల్ లేదని చెప్పారు. తమ్ముడి దగ్గర ఉన్న బిల్లు మీద "ఆయిల్ చేంజ్" అని, రేటు ఎంతో, అంతే. గ్రేడు లేదు. చవక ఆయిల్ పోయించి పైసలు మిగిలించుకున్నవని కఫీల్ అన్నడు. జీతం పోయిన దానికన్నా ఆ మాటకే వాడు రెండు రోజులు అన్నం తినలేదు.

ఆ రాత్రి రూంల పెద్ద లొల్లి. ఎండకు చిక్కటిదే మంచిదని కొందరు, పుస్తకంల రాసిందే పొయ్యాలని కొందరు. అసలు ఈ నంబర్లు ఎవరు పెట్టారు, ఎందుకు పెట్టారు అని వెతకడం మొదలుపెట్టినం. వెతికితే కథ పోయి పోయి ఆముదం దగ్గర తేలింది.

ముడి చమురు రాకముందు యంత్రాలకు పశువుల కొవ్వు, గింజల నూనెలే వాడేవారు. 1866లో అమెరికాలో జాన్ ఎల్లిస్ అనే డాక్టరు, ముడి చమురు నుంచి తీసిన నూనె ఆవిరి యంత్రాల సిలిండర్లకు పనికొస్తుందని కనిపెట్టాడు. వాల్వోలిన్ అనే పేరు అక్కడి నుంచి వచ్చిందే. బ్రిటన్‌లో చార్లెస్ వేక్‌ఫీల్డ్ కంపెనీ 1909లో, క్యాస్టర్ ఆయిల్ కలిపి చేసిన నూనెకు క్యాస్ట్రోల్ అని పేరు పెట్టింది. క్యాస్టర్ అంటే ఏందో కాదు, మన ఆముదమే. పాలమూరు, నల్గొండ చెల్కల్ల పండే ఆముదం. మొదటి ప్రపంచ యుద్ధంలో సిలిండర్లతో సహా గిరగిరా తిరిగే విమాన ఇంజన్లు ఉండేవి. వాటిలో ఆముదమే పోసేవారు, ఎందుకంటే అది పెట్రోల్‌లో తొందరగా కలిసిపోదు.

చిక్కదనం సంగతి మన అమ్మమ్మలకు ఎప్పుడో తెలుసు. చలికాలం పొద్దున సీసా వంచితే ఆముదం కదలదు. పొయ్యి పక్కన కాసేపు పెడితే నీళ్లలెక్క జారుతది. ఇంజన్ ఆయిల్‌ది కూడా ఇదే కష్టం. చల్లగా ఉన్నప్పుడు పంపు లాగలేనంత చిక్కగా ఉండొద్దు, కాగినప్పుడు బేరింగు మీద పొర తెగేంత పలుచగా కావొద్దు.

1911లో అమెరికా ఆటోమొబైల్ ఇంజనీర్ల సంఘం, అంటే డబ్బా మీద కనబడే ఎస్‌ఏఈ, నూనెలను చిక్కదనం బట్టి వరుస పెట్టింది. ఇది బాగా గుర్తుపెట్టుకోవాలె: ఆ నంబరు చిక్కదనానికి, నాణ్యతకు కాదు. 20 కంటే 50 గొప్పది కాదు, చెప్పు సైజు లెక్క అది. చలి దేశాల్లో పొద్దున బండి స్టార్టు కాక ఇబ్బంది పడేవాళ్లు కాబట్టి తర్వాత చలికాలం గ్రేడ్లు వేరే పెట్టారు. డబ్ల్యూ అంటే వింటర్.

1929లో డీన్, డేవిస్ అనే ఇద్దరు, వేడికి నూనె ఎంత మారుతుందో చెప్పే లెక్క కట్టారు. అదే విస్కాసిటీ ఇండెక్స్. తక్కువ మారే పెన్సిల్వేనియా నూనెకు 100 మార్కులు, ఎక్కువ మారే గల్ఫ్ నూనెకు సున్నా. మన గల్ఫ్ కాదు లెండి, అమెరికా దక్షిణాన ఉన్న గల్ఫ్ తీరం. ఆ సున్నా మన పద్దుల వెయ్యకుండ్రి.

తర్వాత పాలిమర్లు వచ్చాయి. చల్లగా ఉంటే ముడుచుకొని, వేడికి విచ్చుకొని, నూనె మరీ పలుచబడకుండా పట్టుకుంటాయి. అట్లా 1950ల కల్లా 10డబ్ల్యూ-30 లాంటి రెండు నంబర్ల ఆయిల్ బజారుకొచ్చింది. మొదటి నంబరు చలి పరీక్షది. 0డబ్ల్యూని మైనస్ 35 డిగ్రీల దగ్గర, 5డబ్ల్యూని మైనస్ 30 దగ్గర స్టార్టింగుకు పరీక్షిస్తారు. రెండో నంబరు 100 డిగ్రీల దగ్గర కొలిచిన చిక్కదనం. అంటే మనల్ని కాల్చే ఈ 50 డిగ్రీలు ఆ రెండు పరీక్షల్లోనూ లేవు.

ఇగ 1973. ఆ అక్టోబరులో యుద్ధం వచ్చింది, అరబ్ దేశాలు అమెరికాకు చమురు ఆపాయి. కొన్ని నెలల్లోనే ధర దాదాపు నాలుగింతలైంది. ఆ పైసలతో ఇక్కడ రోడ్లు, ఓడరేవులు, బిల్డింగులు లేచాయి, వాటికి చేతులు కావాల్సి వచ్చాయి. కరీంనగర్, నిజామాబాద్, కడప, గోదావరి జిల్లాల నుంచి మన ముందటి తరం విమానాలెక్కింది ఆ చమురు పైసల వల్లనే. అదే దెబ్బకు అమెరికా 1975లో ఒక చట్టం చేసింది. 1978 మోడళ్ల నుంచి ఒక్కో కంపెనీ అమ్మే కార్ల సగటు మైలేజీ ఇంత ఉండాలె, తగ్గితే జరిమానా అని అప్పుడు పెట్టారు. మన వీసాలు, పలుచటి ఆయిల్ ఒకే గొడవకు పుట్టిన కవల పిల్లలు.

పలుచటి ఆయిల్‌తో రాపిడి తగ్గుతది, పెట్రోల్ కొంచెం మిగులుతది. ఒక్క కారులో చూస్తే అది శాతమో, అటూ ఇటో. నడిపేటోడికి తెల్వను కూడా తెల్వదు. లక్షల కార్ల సగటులో మాత్రం కంపెనీకి పెద్ద లాభం. 2001 మోడళ్లకు ఫోర్డ్, హోండా అమెరికాలో 5డబ్ల్యూ-20 చెప్పడం మొదలుపెట్టాయి. తర్వాత 0డబ్ల్యూ-20 మామూలైంది. 2013లో ఎస్‌ఏఈ 16 అనే గ్రేడు చేర్చింది, 2015లో 12, 8 కూడా వచ్చాయి.

ఇది తెలిసినంక మా రూంల చిక్కటి పార్టీ ఎగిరింది: "చూసినవా, నంబరు చట్టం కోసం పెట్టిందే!" సగమే నిజం. ఇంజన్ కూడా మారింది. బేరింగుల సందులు, పంపు, సన్నటి దారులు పలుచటి నూనెకు తగ్గట్టు చేసినవి. వాల్వ్ టైమింగ్ మార్చేది కూడా ఆ ఆయిల్ ఒత్తిడే. అందులో 20డబ్ల్యూ-50 పోస్తే తమ్ముడి కారుకైనట్టే కావొచ్చు. ఇంకోటి, బయట 50 ఉన్నా ఇంజన్ నీళ్లను థర్మోస్టాట్, ఫ్యాను కలిసి 90 డిగ్రీల దరిదాపుల్లోనే పెడతాయి. మన పాత అంబాసిడర్, జీపుల రోజుల లెక్క ఇక్కడ నడవదు.

అట్లని పుస్తకం పార్టీ కూడా పూర్తిగా గెలవలేదు. ఒకే జపాన్ ఇంజన్‌కు రెండు దేశాల మాన్యువళ్లు పక్కపక్కన పెట్టి చూసినం. అమెరికా పుస్తకంలో 0డబ్ల్యూ-20 ఒక్కటే ముందటుంది. ఇక్కడి పుస్తకంలో పట్టిక ఉంది, 5డబ్ల్యూ-30 కూడా పోయొచ్చని ఉంది. బరువు ఎక్కువైనా, ఎక్కువ స్పీడుతో నడిచినా చిక్కటిది తగినదని కూడా రాసింది. కాబట్టి మేము చేసేది ఇది: ఈ దేశంలో ఆ కారుతో ఇచ్చిన పుస్తకం చూస్తం. మామూలు ఇంటి తిరుగుడైతే దాంట్ల మొదటి గ్రేడు. ఎడారి ఇసుకల ట్రైలర్ లాగితే, గంటలకొద్దీ ఏసీ వేసి ఆపి ఉంచితే, ఆ పట్టికలోనే ఒక మెట్టు పైది. పట్టిక దాటి పోము. టర్బో ఉన్న కొత్త పెట్రోల్ కారైతే డబ్బా మీద ఏపీఐ ఎస్‌పీ అని ఉందా చూస్తం. 2020లో వచ్చిన రకం అది, అందులో టర్బో ఇంజన్లలో మంట ముందే అంటుకునే జబ్బును ఆపే పరీక్ష ఉంది.

ఇప్పుడు తమ్ముడు ఆయిల్ పోయించేటప్పుడు బిల్లు మీద గ్రేడు రాయించుకుంటడు, సీలు తీయకముందు డబ్బా ఫోటో, మీటరు ఫోటో తీసుకుంటడు. ఆ గ్యారేజీ మనిషిని బతిమాలితే, పోసింది 20డబ్ల్యూ-50, పొయ్యమన్నది డ్రైవర్ కాదు అని కాగితం మీద రాసిచ్చిండు. అది చూపిస్తే కఫీల్ ఒక నెల కోత వాపసు ఇచ్చిండు. రెండు నెలలది పోయినట్టే. డ్రమ్ము మాత్రం ఇంకా ఆ గ్యారేజీ ముందటనే ఉన్నది, మొన్న అటు పోతే చూసినం.