"గంట పనేగా అన్నయ్యా": రబ్బరు స్టాంపు వెనక కథ

ఈ ఎపిసోడ్ ఒక వాట్సాప్ మెసేజ్‌తో మొదలైంది. మా పిన్ని కొడుకు ఇంజినీరింగ్ చదువుతున్నాడు. వాడు నాకు ఒక ఫోటో పంపాడు. ఎవరిదో మెడికల్ సర్టిఫికెట్, దాని కింద ఊదా రంగులో డాక్టరుగారి స్టాంపు. ఫోటో కింద ఇలా రాశాడు: "అన్నయ్యా, నీ దగ్గర లేజర్ మిషను ఉందిగా. ఇలాంటిది ఒకటి చేసిపెట్టవా? అటెండెన్స్ తక్కువైంది. నీకు గంట పనేగా."

నాకు ముందు కోపం రాలేదు, భయమేసింది. ఎందుకంటే వాడు చెప్పింది నిజం. అది గంట పనే.

మనిషి మనిషిని నమ్మడానికి వాడుకున్న పాత పద్ధతుల్లో ముద్ర ఒకటి. అది నా టేబుల్ మీద గంట పని ఎలా అయిపోయింది? ఆ దారి చూద్దాం.

హరప్పా వాళ్ల ముద్రలు మీరు టెక్స్ట్‌బుక్‌లో చూసే ఉంటారు. ఎద్దు బొమ్మ, పైన ఎవరికీ అర్థంకాని అక్షరాలు. అవి స్టియటైట్ అనే మెత్తటి రాయి మీద చెక్కినవి. బొమ్మను తిరగేసి చెక్కి, తర్వాత కాల్చి గట్టిపరిచేవారు. ఆ రాయిని తడి మట్టి మీద నొక్కితే బొమ్మ సరిగ్గా పడుతుంది. గుజరాత్‌లోని లోథల్‌లో ఒక గోదాము తవ్వితే అలాంటి మట్టి ముద్దలు పదుల్లో దొరికాయి. గోదాము అంటుకున్నప్పుడు కాలి గట్టిపడ్డాయి కాబట్టి మిగిలాయి. వాటి వెనక్కి తిప్పితే చాప అల్లిక, తాడు పేట్ల అచ్చులు ఉన్నాయి. అంటే మూట కట్టి, తాడు మీద మట్టి పెట్టి, ముద్ర నొక్కారు. మధ్యలో ఎవరైనా విప్పితే తెలిసిపోతుంది. నాలుగు వేల ఏళ్ల కిందటి పార్సిల్ సీలు అన్నమాట.

మా రాజమండ్రి వైపు వద్దాం. తూర్పు చాళుక్యులు భూమి దానమిస్తే రాగిరేకుల మీద రాయించేవారు. రేకులకు కన్నం పెట్టి ఒక కడియం దూర్చి, దాని రెండు కొసలూ ముద్ర అడుగున అతికేసేవారు. ముద్ర మీద వరాహం, అంకుశం, "శ్రీ త్రిభువనాంకుశ" అనే అక్షరాలు. కడియం కోస్తే తప్ప మధ్యలో ఇంకో రేకు చొప్పించలేం. చూశారా, ఇక్కడ నమ్మకం అక్షరాల్లో లేదు. అలాంటిది ఇంకోటి చెయ్యడం ఎంత కష్టమో, అందులో ఉంది.

ఆ కష్టం తగ్గడం రబ్బరుతో మొదలైంది. మామూలు రబ్బరు ఎండకు జిగురవుతుంది, చలికి బిర్రబిగుస్తుంది. అమెరికాలో చార్లెస్ గుడ్‌ఇయర్ అనే ఆయన 1839లో రబ్బరుకు గంధకం కలిపి వేడి చేస్తే అది స్థిరపడుతుందని కనిపెట్టాడు. అదే వల్కనైజేషన్. 1844లో పేటెంట్ వచ్చింది. పాపం డబ్బు మాత్రం రాలేదు, 1860లో అప్పులతోనే పోయాడు. గుడ్‌ఇయర్ టైర్ల కంపెనీ ఆయనది కాదు. ఆయన పోయిన 38 ఏళ్లకు వేరేవాళ్లు ఆయన పేరు పెట్టుకున్నారు.

ఈ వల్కనైజేషన్‌ను మొదట ఎగబడి వాడుకున్నవాళ్లలో పళ్ల డాక్టర్లు ఉన్నారు. అవునండీ, పళ్ల డాక్టర్లే! అంతకుముందు కట్టుడు పళ్లు బంగారం మీదో, దంతం మీదో కూర్చేవారు. డబ్బున్నవాళ్లకే అందేవి. గట్టి రబ్బరు వచ్చాక చిగుళ్ల అచ్చు ప్లాస్టర్‌లో తీసి, అందులో రబ్బరు కూరి, ప్రెషర్ కుక్కర్‌లాంటి చిన్న బాయిలర్‌లో ఉడికిస్తే సరిపోయేది. దాని పేటెంట్ గుడ్‌ఇయర్ డెంటల్ వల్కనైట్ కంపెనీ చేతిలో పడింది. ప్రతి డాక్టరూ లైసెన్సు ఫీజు కట్టాల్సిందే. కట్టనివాళ్ల మీద జోసయా బేకన్ అనే కంపెనీ ట్రెజరర్ ఊరూరా తిరిగి కేసులు వేసేవాడు. 1879 ఏప్రిల్ 13న శాన్‌ఫ్రాన్సిస్కోలో శామ్యూల్ చాల్‌ఫెంట్ అనే పళ్ల డాక్టరు ఆయన్ని హోటల్ గదిలోనే కాల్చి చంపాడు. రెండేళ్లకు ఆ పేటెంట్ గడువు కూడా తీరిపోయింది.

స్టాంపు కథలో పళ్ల డాక్టర్ల గోల ఎందుకంటే, రబ్బరు స్టాంపు పుట్టింది ఆ బాయిలర్‌లోనే. మొదట ఎవరు చేశారన్న దానికి 1860ల నుంచీ పోటీ ఉంది, ఒకరికి మించి "నేనే" అన్నారు. బాగా చెప్పుకునే కథ న్యూయార్క్ రాష్ట్రంలోని జేమ్స్ వుడ్రఫ్‌ది. బట్టలుతికే తొట్ల మీద రబ్బరు అచ్చుతో పేరు కొట్టడం చూశాడట. వాళ్ల బాబాయి పళ్ల డాక్టరు, ఆయన బాయిలర్ అడిగి తెచ్చుకుని ప్రయత్నించాడట. పద్ధతి మాత్రం కచ్చితంగా తెలుసు. సీసం అక్షరాలు పేర్చి, ప్లాస్టర్‌లో అచ్చు తీసి, అందులో రబ్బరు నొక్కి ఉడికించడం. పళ్ల సెట్టూ స్టాంపూ ఒకే వంట.

మన ఊళ్లలో స్టాంపుల షాపులూ దాదాపు ఇదే పద్ధతిలో నడిచాయి. నేను ఎనిమిదో క్లాసులో ఉన్నప్పుడు మా నాన్నగారితో ఒక షాపుకెళ్లాను. గోడంతా చెక్క అరలు, వాటి నిండా సీసం అక్షరాలు. ఇంగ్లీషుకు ఒక పెట్టె చాలు. తెలుగుకు గుణింతాలు వేరు, వత్తులు వేరు, గోడ మొత్తం కావాలి. నాన్నగారు అసోసియేషన్ సెక్రటరీ. గుండ్రటి సీలు కావాలన్నారు. ముసలాయన కళ్లజోడు పైనుంచి చూసి, "లెటర్‌హెడ్ మీద రాయించి తెచ్చారాండీ?" అని అడిగారు. నాన్నగారు మర్చిపోయారు. ఆయన ససేమిరా అన్నారు. మేము మళ్లీ మర్నాడు వెళ్లాం. అప్పుడు నాకు చిరాకేసింది.

తర్వాత లిక్విడ్ పాలిమర్ వచ్చింది. కంప్యూటర్‌లో టైపు చేసి నెగటివ్ తీసి, దాని మీద పాలిమర్ పోసి అల్ట్రావయొలెట్ లైటు వేస్తే వెలుగు తగిలిన చోట గట్టిపడుతుంది, మిగతాది కడిగెయ్యొచ్చు. సీసం పోయింది, షాపు మిగిలింది.

ఇప్పుడు లేజర్. మొదటి లేజర్ వెలిగించింది 1960లో థియొడోర్ మైమన్. రబ్బరు చెక్కడానికి బాగా పనికొచ్చే కార్బన్ డయాక్సైడ్ లేజర్‌ను 1964లో బెల్ ల్యాబ్స్‌లో తయారుచేసింది మనవాడే, మహారాష్ట్రలోని బారామతిలో పుట్టిన కుమార్ పటేల్. ఇక 2009లో నార్వే నుంచి సిమెన్ స్వాలే స్కోగ్స్‌రుడ్ జీఆర్‌బీఎల్ అనే ఫ్రీ సాఫ్ట్‌వేర్ పెట్టాడు. చిన్న ఆర్డుయినో బోర్డుతో మోటార్లను కచ్చితంగా నడపడం దాని పని. చవక మిషన్లు చాలావరకు దాని పుణ్యమే. నాది నీలం రంగు డయోడ్ లేజర్, ఫోన్ ధరకు వచ్చేసింది.

మొదటి స్టాంపు మా పిన్ని కోసం చేశాను, అదే వీడి అమ్మ. ఆవిడ పూతరేకులు చేసి అమ్ముతుంది. డబ్బాల మీద కొట్టడానికి "స్వచ్ఛమైన నెయ్యి, తయారీ తేదీ" అని అడిగింది. లేజర్ అక్షరాన్ని చెక్కదు, అక్షరం చుట్టూ ఉన్న రబ్బరును కాల్చేస్తుంది. కాబట్టి డిజైన్‌ను నలుపు తెలుపు తారుమారు చెయ్యాలి, అద్దంలోలా తిప్పాలి కూడా. నేను మొదటిది చేసి రెండోది మర్చిపోయాను. గంటసేపు కంపు భరించి కొట్టి చూస్తే అక్షరాలన్నీ తిరగబడి ఉన్నాయి. హరప్పా వాళ్లు చెయ్యని తప్పు నేను చేశాను.

రెండోసారి "చ్ఛ" కింద వత్తు ఊడిపోయింది. గోడ నిటారుగా కోస్తే సన్నని గీత నిలబడదు, అడుగున వెడల్పుగా వాలు ఇవ్వాలి. సాఫ్ట్‌వేర్‌లో దానికి ర్యాంప్ అని సెట్టింగ్ ఉంటుంది. తెలుగు వత్తులకు అది తప్పనిసరి. ఇంకోటి, లేజర్ కోసం అమ్మే రబ్బరే కొనండి. పీవీసీ పొరపాటున కూడా పెట్టొద్దు, హైడ్రోజన్ క్లోరైడ్ పొగ వస్తుంది. కళ్లజోడు, ఎగ్జాస్ట్ ఫ్యాన్ లేకుండా మిషను ఆన్ చెయ్యకండి. మూడోది కుదిరింది. సబ్బు, పాత టూత్‌బ్రష్‌తో మసి కడిగి చెక్కముక్కకు అంటించి ఇచ్చాను.

మళ్లీ తమ్ముడి ఫోటో దగ్గరికి వద్దాం. భారతీయ న్యాయ సంహితలో 341వ సెక్షన్ ఉంది, పాత ఐపీసీలో 472, 473. ఫోర్జరీకి వాడాలని దొంగ సీలు తయారుచేసినా, దగ్గర పెట్టుకున్నా ఏడేళ్ల దాకా జైలు. విలువైన దస్తావేజుల కోసమైతే యావజ్జీవం కూడా పడొచ్చు. ఇది వాడికి చెప్పాను. "ఎవరికి తెలుస్తుంది అన్నయ్యా" అన్నాడు. దానికి నా దగ్గర మంచి జవాబు లేదు. నిజంగానే తెలియకపోవచ్చు. రాగి కడియం కోస్తే కనిపిస్తుంది, మట్టి ముద్ద విరిగితే కనిపిస్తుంది, నా స్టాంపులో ఏమీ కనిపించదు. ఒకప్పుడు లెటర్‌హెడ్ అడగడానికి మధ్యలో ఒక ముసలాయన ఉండేవాడు. ఇప్పుడు ఆ కుర్చీలో నేను కూర్చున్నాను, నాకు అడిగే అలవాటు లేదు.

చెయ్యనన్నాను. వారం రోజులు మాట్లాడలేదు వాడు. ఆ షాపు కోసం మొన్న వెళ్లి చూశాను, ఇప్పుడక్కడ మొబైల్ కవర్లు అమ్ముతున్నారు. మిషను పక్కన ఒక నోట్‌బుక్ పెట్టాను. స్టాంపు అడిగినవాళ్ల పేరు, ఎందుకో రాసుకుంటున్నాను. మొదటి పేజీలో పిన్ని పేరుంది. రెండో లైన్ తమ్ముడిదే. నిన్న ఫోన్ చేశాడు, వాళ్ల కాలేజీ ఫెస్ట్‌కి ఎంట్రీ స్టాంపు కావాలట. లెటర్‌హెడ్ తెమ్మన్నాను.