జొన్న రొట్టె నుంచి తెల్లన్నం దాకా: మొటిమలు, ఆహారం, చేవెళ్ల ప్రాంతపు పాఠం

యౌవనం దాటి, ఉద్యోగంలో చేరి, పెళ్లి కూడా అయిన తరువాత ముఖం మీద మొటిమలు వదలకపోతే ఆ మనిషి అనుభవించే కుంగుబాటు చిన్నది కాదు. అటువంటివారు వైద్యుణ్ణి అడిగే మొదటి ప్రశ్న సాధారణంగా ఒక్కటే: "ఏం తినకూడదు?" ఈ ప్రశ్న చాలా పాతది. దీనికి వైద్యశాస్త్రం ఇచ్చిన జవాబు మాత్రం గత నూరేళ్లలో రెండుసార్లు మారింది. అదే కాలంలో మన చేవెళ్ల, మొయినాబాద్ ప్రాంతపు భోజనమూ మారింది. ఈ రెండు చరిత్రలను కలిపి చదివితే మనం ఏం తినాలో, ఎంతవరకు నమ్మాలో కొంత స్పష్టమవుతుంది.

పాత గ్రంథాల మాట

సుశ్రుత సంహిత మొటిమలను క్షుద్రరోగాలలో చేర్చి "ముఖదూషిక" అని పేరు పెట్టింది. బూరుగు చెట్టు ముళ్లవలె యువకుల ముఖాన పుట్టే పొక్కులని వర్ణించి, కఫ వాత రక్తాల దోషమే కారణమని చెప్పింది. అంటే ముఖం మీది మచ్చకు మూలం శరీరం లోపల ఉన్నదన్న ఊహ మన వైద్యంలో ఆనాటికే ఉన్నది. పాశ్చాత్య వైద్యంలో వాడే "ఆక్నే" అన్న పేరు ఆరవ శతాబ్దపు గ్రీకు వైద్యుడు ఏషియస్ రచనల నుంచి వచ్చిందని చెబుతారు.

చాక్లెట్ పరీక్ష

ఇరవయ్యవ శతాబ్దం తొలి సగంలో వైద్యులు మొటిమలున్నవారికి చక్కెర, మిఠాయిలు, కొవ్వు పదార్థాలు మానమని చెప్పేవారు. ఆ సలహాకు ఆధారం అనుభవమే తప్ప ప్రయోగం కాదు. 1969లో అమెరికాలో ఫుల్టన్, ప్లెవిగ్, క్లిగ్‌మన్ అనే వైద్యులు 65 మందికి కొన్ని వారాలు చాక్లెట్, కొన్ని వారాలు చాక్లెట్ లేని మిఠాయి తినిపించి చూశారు. మొటిమలలో తేడా కనిపించలేదు. ఆహారానికీ మొటిమలకూ సంబంధం లేదన్న మాట అప్పటి నుంచి పాఠ్యపుస్తకాలకు ఎక్కి, దాదాపు మూడు దశాబ్దాలు చెలామణి అయింది.

ఆ పరీక్షలో ఒక లోపం ఉన్నది. పోలిక కోసం ఇచ్చిన మిఠాయిలోనూ చక్కెర, కొవ్వు ఇంచుమించు అంతే ఉన్నాయి. కాబట్టి ఆ పరీక్ష కోకో గింజను మాత్రమే నిర్దోషిగా తేల్చగలదు. చక్కెరను విచారించనే లేదు.

తీర్పు తిరగబడిన తీరు

1981లో టొరంటోలో డేవిడ్ జెన్‌కిన్స్ బృందం "గ్లైసీమిక్ ఇండెక్స్" అనే కొలతను ప్రతిపాదించింది. ఏ ఆహారం రక్తంలో చక్కెరను ఎంత వేగంగా పెంచుతుందో చెప్పే సూచిక అది. 2002లో లోరెన్ కార్డైన్ బృందం పపువా న్యూగినీలోని కిటావా ద్వీపవాసులు 1,200 మందిని, పరాగ్వే అడవులలోని ఆచే తెగవారు 115 మందిని పరిశీలించిన వివరాలు ప్రకటించింది. వారిలో ఒక్కరికీ మొటిమలు కనబడలేదు. ఆ రెండు సమాజాలలోనూ శుద్ధి చేసిన పిండి, చక్కెర వాడకం బహు స్వల్పం.

2007లో ఆస్ట్రేలియాలో 15 నుంచి 25 ఏళ్ల యువకులు 43 మందిపై 12 వారాల ప్రయోగం జరిగింది. చక్కెరను నెమ్మదిగా పెంచే ఆహారం తిన్నవారిలో మొటిమలు సగటున 23.5 తగ్గగా, మామూలు ఆహారం తిన్నవారిలో 12 తగ్గాయి. అయితే మొదటి బృందం బరువు కూడా తగ్గింది; మేలు ఆహారానిదా, బరువు తగ్గడానిదా అన్నది విడదీయడం కష్టం. 2020లో ఫ్రాన్స్‌లో 24,452 మంది పెద్దలపై వెలువడిన అధ్యయనంలో తీపి పానీయాలు, కొవ్వూ చక్కెరా కలిసిన తినుబండారాలు, పాలు ఎక్కువగా తీసుకునేవారిలో మొటిమలు ఎక్కువని తేలింది.

దీని వెనుక ఉన్న ప్రక్రియ ఇది. రక్తంలో చక్కెర ఒక్కసారిగా పెరిగితే ఇన్సులిన్ పెరుగుతుంది. దానితోపాటు ఐజీఎఫ్-1 అనే వృద్ధి కారకం ప్రభావమూ పెరుగుతుంది. ఇవి రెండూ పురుష హార్మోన్ల పనిని బలపరచి, చర్మంలోని తైలగ్రంథులను ఉత్తేజపరుస్తాయి. జిడ్డు ఎక్కువై, రంధ్రాలు పూడుకొని, సూక్ష్మజీవులు చేరి వాపు వస్తుంది.

మన మెట్ట భూముల పళ్లెం

ఇప్పుడు మన ప్రాంతానికి వద్దాం. తెలంగాణ మెట్ట భూములలో తరతరాల ముఖ్యాహారం జొన్న. జొన్న రొట్టె, గటక, తైదంబలి, పప్పు, చల్ల పేదవాని దైనందిన భోజనం. వరి అన్నం పండుగనాటి మాట. 1983లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం కిలో బియ్యం రెండు రూపాయలకు ఇవ్వడం ప్రారంభించాక తెల్లన్నం ప్రతి ఇంటికీ చేరింది. అది ఆకలిని తీర్చిన పథకం, దానిని తప్పుపట్టలేము. కానీ జొన్న పళ్లెంలోంచి మెల్లగా తొలగిపోయింది.

నేడు హైదరాబాద్ నుంచి మొయినాబాద్ మీదుగా చేవెళ్లకు సాగే మర్రిచెట్ల దారి వెంట ధాబాలు, బేకరీలు, రిసార్టులు వెలిశాయి. ఈ పొలాల కూరగాయలు నగరానికి వెళుతుంటే, నగరపు శీతల పానీయాలు, బిస్కెట్లు, మైదా పదార్థాలు పల్లెకు వస్తున్నాయి. పొలంలో పండే కూర పళ్లెంలో తగ్గి, సంచిలో దొరికే తిండి పెరిగిన ఊరిలో చర్మమూ, నడుము చుట్టుకొలతా ఆ మార్పుకు అతీతంగా ఉండవు.

జొన్న చెప్పిన మరో కథ

అయితే "పాత తిండే మందు" అని తేల్చేముందు ఇదే దక్కన్ నేల చెప్పిన మరొక చర్మవ్యాధి కథ వినాలి. దాని పేరు పెల్లాగ్రా. ఎండ తగిలే చోట చర్మం నల్లబడి గరుకు తేలడం, విరేచనాలు, మతి చలించడం దాని లక్షణాలు. అమెరికా దక్షిణ రాష్ట్రాలలో మొక్కజొన్న మీదనే బతికే పేదలలో ఇది వస్తున్నదనీ, అంటువ్యాధి కాదు, ఆహార లోపమేననీ జోసెఫ్ గోల్డ్‌బెర్గర్ నిరూపించాడు. 1937లో దానికి నయాసిన్ మందని తెలిసింది.

1918లో కూనూరులో మొదలై, 1958లో హైదరాబాద్‌కు తరలి, తరువాత జాతీయ పోషకాహార సంస్థగా పేరు పొందిన పరిశోధనాలయంలో పనిచేసిన సి. గోపాలన్, ఎస్.జి. శ్రీకంఠయ్య 1960లో లాన్సెట్ పత్రికలో ఒక వ్యాసం ప్రకటించారు. జొన్న మీదనే ఆధారపడిన దక్కన్ పేదలలో పెల్లాగ్రా కనిపిస్తున్నదనీ, జొన్నలో ల్యూసిన్ అనే అమైనో ఆమ్లం అధికంగా ఉండడం అందుకు కారణం కావచ్చుననీ వారి వాదన. ఆ కారణంపై తరువాత చర్చ జరిగింది. కానీ అసలు పాఠం మారలేదు: పాలు, పప్పు, మాంసం, ఆకుకూర చాలినంత లేక, జొన్న ఒక్కటే కడుపు నింపిన చోట చర్మం దెబ్బతిన్నది.

కాబట్టి నిన్న పేదవాని చర్మాన్ని పాడుచేసిన ధాన్యమే నేడు సంపన్నుని చర్మానికి ఔషధమని ప్రచారం పొందుతున్నది. మహిమ గాని దోషం గాని గింజలో మాత్రమే లేదు. దాని పక్కన ఏముందన్నదే ముఖ్యం.

ఆచరణకు కొన్ని మాటలు

మొదట తీపి పానీయాలు, టీలో చక్కెర, బేకరీ పదార్థాలు తగ్గించండి. అన్నం కొలత తగ్గించి పప్పు, కూర పెంచండి. రోజుకు ఒక పూట జొన్న రొట్టె మంచిదే. కానీ మెత్తని పిండితో కాచిన జావ కూడా చక్కెరను త్వరగా పెంచగలదని గుర్తుంచుకోండి. వ్యాయామశాలలో వే ప్రోటీన్ పొడి మొదలుపెట్టాక మొటిమలు పెరిగితే కొన్నాళ్లు ఆపి చూడండి. పాలు అందరూ మానవలసిన పని లేదు. అనుమానం ఉన్నవారు వైద్య సలహాతో తగ్గించి చూడవచ్చు. ఫలితం తెలియడానికి కనీసం 12 వారాలు పడుతుంది.

ఆహారం సహాయకారి మాత్రమే. ఆహార నియమాలను గట్టిగా సిఫారసు చేసేందుకు ఆధారాలు ఇంకా చాలవని 2024లో అమెరికన్ చర్మవైద్యుల సంఘం మార్గదర్శకాలు పేర్కొన్నాయి. గవద వెంట మొటిమలతోపాటు నెలసరి క్రమం తప్పడం, అవాంఛిత రోమాలు ఉన్న స్త్రీలు పీసీఓఎస్ పరీక్ష చేయించుకోవాలి. గడ్డలుగా మారి మచ్చలు పడుతున్నవారు పథ్యం పేరిట నెలలు గడపక వైద్యుణ్ణి కలవాలి. ఒకసారి పడిన గుంట తిరిగి పూడదు. దుకాణంలో అడిగి తెచ్చుకున్న స్టెరాయిడ్ క్రీమును ముఖానికి రాయవద్దు. మొదట చల్లబరచి, తరువాత కొత్త మొటిమలను అదే తెస్తుంది.

చాక్లెట్‌ను నిందించినవారు, ఆహారాన్నే పూర్తిగా కొట్టివేసినవారు, జొన్నను దేవతను చేసినవారు ముగ్గురూ ఒకే పొరపాటు చేశారు: భోజనాన్ని వదిలి ఒక్క పదార్థాన్ని చూశారు. మీరు పళ్లెం మొత్తాన్ని చూడండి.